కాల్చని గట్టు

"అమ్మా, ఈ లోకాన్ని కాపాడే చెయ్యి ఒకటి ఉందంటారు. ఉంటే ఒక్కసారైనా మా కంట పడదేం?" అని ఓబులేసు అడిగాడు.

అతను వాదనకు దిగే మనిషి కాదు. ఆశ్రమానికి ఉన్న ఒక్క జొన్నచేనూ అతని చేతిమీదే సాగేది. అక్కడున్న వాళ్లందరికీ ఏడాది పొడుగునా తిండి ఆ చేనిదే. ఆ యేడు మొక్క మోకాలెత్తు రాగానే లద్దెపురుగు పడింది. తూర్పువైపు ఆకులకు ఈనెలే మిగిలాయి. ఆ వైపు గట్టు మీది గడ్డిని అతను విత్తనానికి ముందే కాల్చేశాడు. పురుగుకు పడమటి గట్టు గడ్డే ఆసరా అనుకుని, దాన్నీ తగలబెట్టడానికి అగ్గిపెట్టె పట్టుకుని బయల్దేరుతూ, కడుపుమంటతో అడిగిన ప్రశ్న అది.

అతను అడిగింది ఆశ్రమం పెద్ద తిరువేంగళమ్మను. అడిగినవాళ్లతో కలిసి నడవడం ఆమె అలవాటు. "పద, నేనూ వస్తాను" అని లేచింది.

వాళ్లు పడమటి గట్టు చేరేసరికి పొద్దు వాలింది. అతను అగ్గిపుల్ల తీయబోతే, "కాస్త కూర్చో నాయనా" అంది. ఇద్దరూ సాలు మొదట్లో కూర్చున్నారు. వెలుగు సన్నగిల్లేకొద్దీ, పగలంతా మట్టిపెళ్లల కింద దాగిన లద్దెపురుగులు పైకి వచ్చి మొక్కలవైపు పాకసాగాయి. ఓబులేసు పళ్లు బిగించాడు.

అప్పుడు గట్టు మీది గడ్డి మొదళ్లు కదిలాయి. నల్లటి పెంకుపురుగులు, తడిసిన రాళ్లలా మెరుస్తూ, ముందు ఒకటి, వెనుక కొన్ని, ఆపైన లెక్కకు అందనన్ని, చప్పుడు లేకుండా సాళ్లలోకి దిగాయి. ఒకటి తనకు రెండింతలున్న లద్దెపురుగును మెడ దగ్గర పట్టింది. అది మెలికలు తిరిగింది, పొర్లింది. నల్లపురుగు పట్టు విడవలేదు. చూస్తుండగానే ప్రతి సాలులోనూ అదే వేట.

ఓబులేసు తలెత్తాడు. ఈ గట్టు పొడుగునా జొన్న ఆకు చెక్కుచెదరకుండా ఉంది. ఇన్నాళ్లూ ఇటు నేల మంచిదనుకున్నాడు. తూర్పున తాను పెట్టిన మంట గుర్తొచ్చి అగ్గిపెట్టె పక్కన పెట్టేశాడు.

"అమ్మా, వీటిని పిలిచిందెవరు? నేను చూడనే లేదే..." చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి.

తిరువేంగళమ్మ వంగి నేలకేసి చూసింది.

"మొక్కడం తర్వాత. ముందు ఆ కాలు తియ్యి నాయనా, వాటి దారికి అడ్డంగా పెట్టావు."