డాలుమాత ఒడిలో చేరిన వంశం

ఫ్రాన్సు దేశపు దక్షిణ సీమలో, మోంత్రెవాల్ అనే కొండ ఊరి పైకొసన డాలుమాత గుడి ఉంది. బస్సు దిగాక ఏటవాలు రాతిబాట ఎక్కాలి. ఎండాకాలంలోనూ పైన చలిగాలి వీస్తుంది గనుక భక్తులు శాలువా వెంట తెచ్చుకోవడం మంచిది. లోపల దేవమాత కూర్చున్న భంగిమలో దర్శనమిస్తుంది. ఆమె ఒడిలో బాలయేసు ఉండడు, ఒక పాత యుద్ధపు డాలు వెల్లకిలా ఉంటుంది. మొదటిసారి చూసినవారు కారణం అడగక మానరు.

పూర్వం ఈ సీమను కౌంటు బిరుదు గల ప్రభువులు తరతరాలుగా ఏలారు. వారి వంశకర్త యుద్ధంలో మోసిన డాలును ఈ గుడిలోనే ఉంచేవారు. ప్రభువుల ఇంట మగబిడ్డ పుడితే ఆ డాలులో పడుకోబెట్టి, తాతముత్తాతల పేర్లన్నీ పలికి, చివర బిడ్డ పేరు చేర్చేవారు. ఆడపిల్లలకు ఆ భాగ్యం లేదు. ఈ కొడుకుల పిచ్చి మనకేమీ కొత్త కాదు గనుక ఎక్కువ చెప్పనక్కరలేదు.

ఆ వంశంలో చివరివాడు గోతియే ప్రభువు. ఆయన ఒక్కగానొక్క కొడుకు రావుల్ దూరదేశపు యుద్ధంలో మరణించాడు. వంశం అంతరిస్తే డాలును తలకిందులు చేసి సమాధికి బిగించడం అక్కడి ఆచారం. ప్రభువు అందుకు మేకులు కూడా సిద్ధం చేయించాడు. అంతలో దేవమాత కలలో కనబడి, "నీ డాలు ఖాళీగా ఉంది. నా బిడ్డకు చలేస్తోంది" అని పలికింది. తనకు మళ్లీ కొడుకు పుడతాడని ఆయన అర్థం చేసుకున్నాడు. తల నెరిసిన భార్య ఎర్మెంగార్ద్ ఎదురు చెప్పలేదు. మొక్కుకోవడానికి ఆయనతో గుడికి బయలుదేరింది.

వారు చేరేసరికి మంచు కురుస్తోంది. పెర్రెన్ అనే గొర్రెలకాపరి స్త్రీ కొండమీద మందలోనే ప్రసవించి, పసిగుడ్డుతో గుడిలో తలదాచుకుంది. నేల చల్లగా ఉండడంతో ఆడబిడ్డను డాలులో పడుకోబెట్టింది. అది చూసి ప్రభువు మండిపడ్డాడు.

"అది మా వంశం పడుకునే చోటు!"

"ఖాళీగానే ఉంది కదా దొరా" అంది పెర్రెన్ చేతులు జోడించి.

ప్రభువు బిడ్డను తీసి రాతినేలపై పెట్టాడు. తల్లి అందుకోబోతే ఆయన వెంట వచ్చిన భటులు అడ్డుపడ్డారు. గుక్కపట్టి ఏడుస్తున్న బిడ్డ మెల్లగా ఏడుపు మానింది. పెదవులు నీలమయ్యాయి.

"మన రావుల్ పడుకున్న డాలండీ అది" అంది ఎర్మెంగార్ద్. "ఆ నేలమీద ఉన్నది వాడే అయితే మీరిలా చూస్తూ నిలబడేవారా?"

ఆ మాటకు ప్రభువు గుండె చెరువైంది. బిడ్డను ఎత్తి తిరిగి డాలులో పెట్టి, తన పైవస్త్రం కప్పి, మోకరిల్లి చిన్ని పాదాలను అరచేతులతో రుద్దాడు. బిడ్డ మళ్లీ ఏడ్చింది. ఆయనా ఏడ్చాడు. అక్కడే వంశకర్త మొదలు రావుల్ వరకు పేర్లన్నీ గొంతెత్తి పలికి ఆగాడు.

"ఏం పేరమ్మా నీ బిడ్డకి?"

"ఇంకా అనుకోలేదు దొరా. బతుకుద్దో లేదో అని..."

"బతుకుతుంది. పెట్టు."

"అలీస్" అంది పెర్రెన్. ప్రభువు ఆ పేరును రావుల్ పేరు తర్వాత చేర్చాడు. డాలును ఎవరూ బోర్లించరాదని ఆజ్ఞాపించి, మాత ఒడిలో దానిని వెల్లకిలా ఉంచాడు.

నేటికీ ఏ ఊరివారైనా, ఏ ఇంటివారైనా ఇక్కడ బిడ్డను డాలులో పడుకోబెట్టవచ్చు. గోత్రం, కులం అడగరు. గుడిలో పూజ జరిపే గురువు ప్రభువుల పేర్లు పలికి, చివర బిడ్డ పేరు చేరుస్తారు. అలా పడుకోబెట్టిన బిడ్డకు చలిజ్వరం సోకదని, సంతానం లేనివారు డాలుపై ఉన్నివస్త్రం కప్పితే ఒడి నిండుతుందని నమ్మకం. గోతియే ప్రభువుకు రక్తసంబంధీకుడు ఒక్కడూ మిగల్లేదు. అయినా పోయిన ఆదివారం ఆయన వంశంలో ఒక కూలివాని కూతురు చేరింది.