బండి అడుగున మీటకర్ర

అదొక నల్లరేగడి నేలల రాజ్యం. వాన పడితే చాలు, బండ్లు ఇరుసుదాకా దిగబడేవి. అందుకని ప్రతి బండికీ పైకెత్తే మీటకర్ర ఉండాలని రాజు ఆజ్ఞాపించాడు. దాన్ని బండి అడుగున, ఇరుసు పక్కనే బిగించాలని శకటాధికారి దండపాణి తన నియమం ఒకటి చేర్చాడు. పైకి కనబడితే ఊరేగింపులో అందం చెడుతుందట!

ఉప్పు బండి తోలే ఓబులమ్మ కర్రను పక్కపలకకు కట్టుకుంది. అది ఆరు మూరల కర్ర. చివరి మూర దగ్గర రాయి ఆనిస్తే, ఇవతల అయిదు మూరలు మిగులుతాయి. అప్పుడు ఒక మనిషి బలం అయిదుగురి బలమవుతుంది.

దండపాణి అది చూసి మండిపడ్డాడు. "రేపటికల్లా అడుగున బిగించకపోతే నీ బండి జప్తు!"

ఓబులమ్మకు ఆ బండే బతుకు. మర్నాడు వచ్చి, "బిగించాను దొరా. వాగు దగ్గరుంది, చూసి ముద్ర వేయండి" అంది.

దండపాణి భటులతో వెళ్లాడు. ఉప్పు బస్తాలతో బండి ఇరుసుదాకా బురదలో ఉంది.

"కర్ర ఏదే?"

"మీరు చెప్పిన చోటే దొరా."

అతను వంగాడు, మోకాళ్ల మీద కూర్చున్నాడు, భుజందాకా చెయ్యి దూర్చాడు. బురద తప్ప ఏమీ తగల్లేదు.

"అందడం లేదు! ముందు బండి పైకెత్తు!"

"ఎత్తేదాన్నే దొరా. ఎత్తే కర్ర దాని కిందుంది."

భటులు నవ్వు ఆపుకోలేకపోయారు. దండపాణి మెల్లగా లేచి, "పక్కకే కట్టుకో" అని గొణిగాడు.

"ఆ మాట గట్టిగా చాటించండి దొరా. వెనకాల ఇంకా నలభై బండ్లు వస్తున్నాయి."