మబ్బు తల్లికి నడుమెత్తిన అసిరమ్మ

అనగనగా అంటే ఎప్పుడో అడక్కండర్రా, వాన పిలిస్తే పలికే కాలంలో, అసిరమ్మ అని ఒక నాట్ల కూలి ఉండేది. ఇల్లా, తాటాకుల పాక. గొంతా, పగిలిన కుండ. అయినా ఆవిడ పాట ఎత్తితేనే చేలో చేతులు కదిలేవి. ముందు ఆవిడ పాడాలి, వరసంతా అందుకుని వంగి నాటాలి.

ఆ చేను కామందుకి ఒకటే మాట. "పాట నడుస్తుంటే నడుం లేవకూడదు!" పొద్దున్నా అదే, మధ్యాహ్నమూ అదే, పొద్దుగూకినా అదే.

అసిరమ్మ పక్కన పోలి నాటేది. పాపం, రెండుసార్లు నీళ్లోసుకుంది. రెండుసార్లూ నాట్లలోనే కడుపు పోయింది. ఇప్పుడు మూడోసారి, ఏడో నెల. ఇంట్లో కూర్చుంటే పొయ్యి వెలగదు. వంగి నాటితే నొప్పి.

"అత్తా, నడుం తెగిపోతోంది. ఇదీ దక్కదేమో," అని పోలి ఏడ్చింది.

"నోరు ముయ్యే! అలాంటి మాట అనకు," అని కసిరింది అసిరమ్మ. కసిరిందే గానీ, ఆ రోజు ఆవిడకి ముద్ద దిగలేదు.

మర్నాడు పాట బాగా నెమ్మదిగా ఎత్తింది. "ఏటే అసిరీ, పెళ్లికి పాడుతున్నావా, చావుకి పాడుతున్నావా?" అని కామందు గట్టు మీంచి కేకేశాడు. ఆ మర్నాడు దగ్గొచ్చిందని పాట ఆపేసింది. మిరియాల కషాయం కాయించి, తాగించి మరీ పాడించాడు! మహా ఘటికుడు లెండి.

మూడో రోజు పాట మధ్యలో కొత్త చరణం అందుకుంది.

"మబ్బు తల్లీ, మబ్బు తల్లీ, మా చేను చూసి పోవే!"

అంటూనే నిటారుగా లేచి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి ఆకాశంకేసి చూసింది. ఆవిడ వెనకే వరసంతా లేచింది. పోలీ లేచింది.

"పాట నడుస్తోంది! నడుం లేచిందేటే?" అన్నాడు కామందు.

"అయ్యో, ఎంత మాట బాబూ! మబ్బు తల్లిని పిలుస్తూ పిర్రలు చూపిస్తామా? కోపమొచ్చి పక్కూరికి పోదూ?"

వాన వద్దని ఏ కామందంటాడర్రా? ఆయనా తలపాగా తీసి పైకి చూశాడు. ఆడాళ్లంతా కొంగులు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు.

అప్పట్నుంచి పాటకి మూడుసార్లు మబ్బు తల్లి. మొదటిసారికి పోలి నడుమెత్తేది. రెండోసారికి గంజి తాగేది. మూడోసారికి గట్టు మీద కాళ్లు చాపుకుని కూర్చునేది. నాట్లు అయ్యాయి. వరి కంకి పాలుపోసుకునే వేళకి పోలి పండంటి ఆడపిల్లని కంది. దాని ఏడుపు విని, "ఓసోసి, అచ్చం అసిరమ్మ గొంతే!" అన్నారంతా. అసిరమ్మ మురిసి ముక్కలైపోయింది.

ఏళ్లు గడిచాయి. అసిరమ్మ పండుటాకై రాలిపోయింది. ఆ ఏడు అందరూ చేలో దిగారు గానీ పాట ఎత్తేందుకు ఎవరికీ నోరు రాలేదు. ఊరికే వంగి నాటుతున్నారు. అప్పుడు పోలి కూతురు గొంతు విప్పింది. "మబ్బు తల్లీ, మబ్బు తల్లీ..." వరసంతా లేచి నిలబడి కళ్లు తుడుచుకుంది.

ఇప్పటికీ ఆ వైపు నాట్లలో ఆ చరణం వస్తే ముందు కడుపుతో ఉన్న మనిషి నడుమెత్తాలి. ఆ తర్వాతే మిగతావాళ్లు. ఎండ మండిపోతున్నా సరే. "మబ్బు తునకైనా లేదు, ఎవరిని పిలుస్తున్నారే?" అని కొత్తగా వచ్చినవాళ్లు అడిగితే ముసలమ్మలు నవ్వుతారు.

"అసిరమ్మని," అంటారు.

కథ దాని దారిన కంచికి పోతుంది. మీరూ నడుమెత్తి ఇళ్లకి పదండి.