పొగకొండ మీది రాగి బిళ్ళ

అనగనగా ఒక నువ్వుల సీమ. ఆ సీమలో ఓబులమ్మ అనే గానుగామె ఉండేది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఉన్నదల్లా ఒక కొయ్య గానుగ, దాన్ని తిప్పే చుక్కడనే ఎద్దు.

పొద్దున్నే చుక్కడి కళ్ళకు గంతలు కట్టి "పదరా నాయనా" అనేది. అంతే, పొద్దుగూకేదాకా తిరిగేవాడు. గంతలెందుకంటారా? కళ్ళు కనిపిస్తే తిరిగిన చోటే తిరుగుతున్నానని తెలిసిపోదూ! గంతలుంటే ఎక్కడికో దూరం పోతున్నాననుకుంటుంది ఎద్దు, పాపం.

అలా ఉండగా రాజు పట్నంలో మూడు ఇనప గానుగలు పెట్టించాడు. పొగకొండ లోపలినుంచి వచ్చే పొడుగాటి గొలుసు వాటిని తిప్పేది. ఆ గొలుసు అవతలి కొసను ఎవరు లాగుతున్నారో ఎవరూ అడగలేదు. నూనె వస్తోంది కదా, ఇంకేం!

ఓబులమ్మ దగ్గరికి నువ్వులు తెచ్చేవాళ్ళు తగ్గిపోయారు. పొయ్యి రోజు విడిచి రోజు వెలిగేది. ఇంతలో ఊళ్ళో దండోరా పడింది.

"ఇనప గానుగలు బాగుచేసే విద్య పొగకొండ మీద నేర్పుతారహో! నేర్చినవారికి రాజముద్ర వేసిన రాగి బిళ్ళ! బిళ్ళ ఉన్నవారికి ఇంటినిండా గింజలహో!"

"కోటి విద్యలు కూటి కొరకే. పోయి చూద్దాం పదరా" అని ఓబులమ్మ చుక్కణ్ణి తోలుకుని బయల్దేరింది.

మిట్టమధ్యాహ్నానికి కొండెక్కింది. కాకి అరుపు లేదు, ఆకు కదలడం లేదు. గుహ గుమ్మంలో గురువు కూర్చుని ఉన్నాడు. ఎండ మండిపోతున్నా నల్ల శాలువా నిండా కప్పుకున్నాడు. మొహం ఉండాల్సిన చోట చీకటి ఉంది.

"రా తల్లీ. రుసుము నీ ఎద్దు. ఇచ్చేసి లోపలికి రా."

ఓబులమ్మ చుక్కడి పలుపు గట్టిగా పట్టుకుంది. చుక్కడు పోతే గానుగ పోయినట్టే, రేపటి కూడు పోయినట్టే.

"కుండ కొనాలన్నా తట్టి చూస్తాం కదా సామీ! ముందు ఇక్కడ నేర్చినవాళ్ళతో ఒక్క మాట మాట్లాడనివ్వండి. ఏమిచ్చారో, ఏం సంపాదించారో అడుగుతాను."

అడగనంతవరకే గురువు ఆట. అడిగితే చూపక తప్పదు కాబోలు. మెల్లగా గుహ లోపలున్న మూడు తలుపుల వైపు చెయ్యి చాపాడు.

మొదటి తలుపు తీసింది. లోపల ఒక మనిషి మెడమీద కాడి మోస్తూ, గొలుసు లాగుతూ గుండ్రంగా తిరుగుతున్నాడు. కళ్ళకు గంతలు, మెళ్ళో రాగి బిళ్ళ.

"ఏమిచ్చావన్నా?"

"ఉన్న చేను ఇచ్చానమ్మా."

"ఏం సంపాదించావు?"

"ఇంకా లేదు. వెండి బిళ్ళ కూడా వస్తే పనిస్తారట. చాలా దూరం వచ్చేశాను, పట్నం దగ్గరపడింది!"

అతని పాదాల కింద నేల మోకాటిలోతు అరిగిపోయింది.

రెండో గదిలో ఒక ఆడమనిషి, కళ్ళకు గంతలతో అలాగే గొలుసు లాగుతూ తిరుగుతోంది. రాగి బిళ్ళా ఉంది, వెండి బిళ్ళా ఉంది. తెల్లని జుట్టు నేలమీద ఈడ్చుకుపోతోంది.

"ఇల్లూ వాకిలీ ఇచ్చాను. బంగారు బిళ్ళ వచ్చాక సంపాదనే సంపాదన! అదిగో, పట్నం సంత చప్పుడు వినిపించడం లేదూ?" అందామె.

వినిపిస్తున్నది ఆమె గొలుసు చప్పుడే.

మూడో గదిలో ఎవరూ లేరు. ఖాళీ కాడి మెల్లగా ఊగుతోంది. మేకుకు కొత్త గంతలు రెండు వేలాడుతున్నాయి. ఒకటి ఎద్దు కొలతకు, ఒకటి మనిషి కొలతకు.

"ఇవెవరివి?"

"మీవే" అన్నాడు గురువు, సరిగ్గా ఆమె చెవి పక్కనుంచి. ఎప్పుడు లేచి వచ్చాడో!

ఓబులమ్మ భయంతో వెనక్కి అడుగేసింది. కానీ గంతలకు వేసిన ముడి చూడగానే భయం స్థానంలో కోపం వచ్చింది. అది రోజూ పొద్దున్నే తన చేత్తో వేసే ముడే.

"ఓరి నీ దుంపతెగ! గంతలెందుకు కడతారో గానుగదాన్ని నాకు తెలీదనుకున్నావా? ఉన్నవి మూడు గానుగలు. వాటికి ఎంతమంది మరమ్మతుగాళ్ళు కావాలి? నువ్వు దండోరా వేయించి అందరికీ బిళ్ళలిస్తానంటున్నావేం?"

ఓబులమ్మ పరుగెత్తి మొదటివాడి గంతలు విప్పింది. అతను పట్నం కోసం చూశాడు. పట్నం లేదు, దారి లేదు, తన కాలిజాడలే ఉన్నాయి. బావురుమన్నాడు.

"నావి విప్పొద్దమ్మా, ఇంత దూరం వచ్చాను!" అని రెండో గదిలో ఆమె బతిమాలింది. ఓబులమ్మకు కళ్ళనీళ్ళు తిరిగాయి, అయినా విప్పేసింది.

గొలుసు ఆగింది. గురువు శాలువా నేలమీద కుప్పకూలింది. దులిపి చూస్తే నూనె పిండేశాక మిగిలే తెలకపిండి గుప్పెడు, అంతే.

పట్నంలో ఇనప గానుగలు ఆగిపోయేసరికి రాజు పరుగున వచ్చాడు. సంగతి విని సిగ్గుతో తల వంచుకున్నాడు.

"గొలుసు ఎవరు లాగుతున్నారని నేనూ అడగలేదమ్మా. ఏం కావాలో కోరుకో."

"విద్య నేర్పించండి దొరా. కళ్ళు తెరిచి ఉంచి నేర్పించండి. పనులెన్ని ఉంటే బిళ్ళలన్నే ఇవ్వండి. రుసుము సంపాదన మొదలయ్యాక తీసుకోండి."

రాజు సరేనన్నాడు. పోయిన చేను, ఇల్లు తిరిగి ఇప్పించాడు. ఇనప గానుగలకు కూలి ఎద్దులను కట్టించాడు. తర్వాత ఓబులమ్మ విద్యా నేర్చింది, బిళ్ళా పొందింది, పనీ సంపాదించింది.

కానీ కొండ దిగిన మర్నాడే ఒకటి జరిగింది. చుక్కడికి గంతలు కట్టబోయి ఆమె చేతులు ఆగిపోయాయి. గంతలు పొయ్యిలో పడేసింది.

"ఇన్నాళ్ళూ నిన్ను మోసం చేశాను రా" అని వాడి మెడ పట్టుకుని ఏడ్చింది.

చుక్కడు ఆమె కళ్ళలోకి చూసి, మనిషి గొంతుతో అన్నాడు: "గంతల సందులోంచి ఎప్పుడో చూశానమ్మా. నేను తిరిగేదీ చూసుకున్నా, నువ్వు పెట్టే మేతా చూసుకున్నా. సరిపోయింది కాబట్టే తిరిగాను. సరిపోని నాడు ఆగేవాణ్ణే."

కాబట్టి పిల్లలూ, ఏ విద్యకైనా రుసుము కట్టే ముందు పెట్టేదెంతో, వచ్చేదెంతో కళ్ళు తెరిచి చూసుకోవాలి. ఆపాటి తెలివి గానుగెద్దుకే ఉందే, మనకుండొద్దూ?