వట్టి చేతుల డాక్టరు

చనిపోయిన మనిషిని గ్లోవ్సు వేసుకుని తాకితే అది ఆ మనిషికి అవమానమా? చెప్పండి, మీరేమంటారు?

అవమానమేనని తీర్మానించేసుకున్నాడు ఇమ్మానియేలు. శవపరీక్షలు నేర్చుకుంటున్న కుర్ర డాక్టరు. కిందటి రోజు ఓ తల్లి తన కొడుకుని గుర్తుపట్టడానికి మార్చురీకి వచ్చింది. మొహం మీది గుడ్డ తొలగించబోతున్న ఇతని మాస్కునీ, గ్లోవ్సునీ ఎగాదిగా చూసి, "నా బిడ్డంటే అంత రోతా బాబూ నీకు?" అంది.

అంతే. ఇంటికెళ్లాక అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దున్న బల్ల మీద ఓ పెద్దాయన. రైల్వే ప్లాట్‌ఫారం మీద దగ్గి దగ్గి, రక్తం కక్కుకుని పోయాడు. నా అన్నవాళ్లెవరూ రాలేదు. ఊపిరితిత్తులు కోసి చూడాలి. ఇమ్మానియేలు మాస్కు లేకుండా, వట్టి చేతులతో వచ్చి నిలబడ్డాడు.

"క్షయ అయ్యుండొచ్చు. నీ మాస్కేదోయ్?" అన్నారు ఖుర్షీద్ మేడం. అతనికి పని నేర్పే పెద్ద డాక్టరు ఆవిడ; కిందటి రోజు ఆ తల్లి ఆ మాటన్నప్పుడూ పక్కనే ఉన్నారు.

"ఈయనకి ఎవరూ లేరు మేడం. ఆఖరిసారి తాకే చేతులు మనవే. రబ్బరు తొడుక్కుని తాకమంటారా?"

చీవాట్లు పడతాయనుకున్నాడు.

"నిజమే సుమా," అన్నారావిడ. అప్పుడే తొడుక్కున్న గ్లోవ్సు ఊడదీసి ట్రేలో పడేశారు. మాస్కూ తీసేశారు. కత్తి అందుకోబోయారు.

ఇమ్మానియేలు ఆవిడ చేతికి అడ్డం పడ్డాడు. ఈ బల్ల దగ్గరే అంటుకున్న క్షయతో పోయినేడు ఆవిడ చిక్కి సగమైపోయారు. వేళకి మందులు మింగించింది ఇతనే.

"ఆగండి మేడం! మీ ఊపిరితిత్తులు అసలే..."

"నువ్వు ప్రేమగా తాకొచ్చు గానీ నేను తాకకూడదా?"

"మీకేమన్నా అయితే నేనేమైపోవాలి?"

కత్తిని దూరంగా జరిపాడు. పరుగున వెళ్లి కొత్త మాస్కు తెచ్చి ఆవిడకి పెట్టాడు. ముక్కు దగ్గర నొక్కి, గాలి దూరే సందు లేదని రెండుసార్లు చూసుకున్నాడు. ఒక్కొక్క వేలూ సర్దుతూ గ్లోవ్సు తొడిగాడు.

ఆవిడ బడికెళ్లే పిల్లలా చేతులు చాపి అన్నీ తొడిగించుకున్నారు. ఆ మాస్కులోంచే మెల్లగా అడిగారు.

"నేనంటే అంత రోతా నాన్నా నీకు?"

ఇమ్మానియేలు అలమారా దగ్గరికి వెళ్లి తనూ మాస్కు పెట్టుకున్నాడు, గ్లోవ్సు తొడుక్కున్నాడు. తిరిగొచ్చి, పెద్దాయన నుదుటి మీద చెదిరి పడ్డ జుట్టుని ఆ రబ్బరు వేళ్లతోనే, నిద్రపోతున్నవాణ్ణి లేపకూడదన్నట్టు, పైకి దువ్వాడు.

మీ ఊరి మార్చురీలోనూ ఇలాంటి చేతులు పనిచేస్తున్నాయి. వాటికి గ్లోవ్సున్నాయో లేవో రేపే వెళ్లి అడగండి. లేవంటే మాత్రం ఊరుకోకండి.