అందరిదీ ఒకే తప్పు

రాజుగారి పరీక్షాధికారి భైరవభట్టు మొగలిపాలెం బడికి వచ్చి, "బెల్లం దిమ్మలో మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా?" అని పిల్లల్ని అడిగాడు.

"నాలుగో వంతే" అన్నారంతా ఒక్క గొంతుతో.

"వీళ్ళ బుర్రల్లో మట్టి తప్ప ఏమీ లేదు. రేపటి నుంచి బడి మూసేయండి" అన్నాడు భట్టు.

గుమ్మంలో నిలబడ్డ సింగారమ్మ కూతురి చెయ్యి పట్టుకుని ముందుకొచ్చింది. చాపలు అల్లుకునే మనిషి. బడి పోతే ఆ పిల్లకు చదువు లేనట్టే.

"అయ్యగారూ, నాకు లెక్కలు రావు. బుర్రలేని పిల్లలైతే ఒకరు అదనీ, ఒకరు ఇదనీ చెప్పాలి గదా. అందరూ ఒకే తప్పు చెప్పారంటే, అది ఎవరో శ్రద్ధగా నేర్పిందే కదయ్యా?"

భట్టు పంతులు వైపు తిరిగాడు. ఎన్ని ఊళ్ళలో బళ్ళు మూయించినా ఈ ఆలోచన తనకు తట్టలేదు.

పంతులు తల దించుకుని, "మూడు కన్నా నాలుగు పెద్దది గనక అలా చెప్పానండీ. మా గురువుగారూ నాకు అలాగే చెప్పారు" అన్నాడు.

"అయితే ముందు పంతుళ్ళకే పాఠం చెప్పించాలి" అన్నాడు భట్టు నెమ్మదిగా. "వాళ్ళకు వచ్చిందో లేదో తెలిసేదెలా తల్లీ?"

"బడిలో విన్నది సాయంత్రం మా పిల్ల నాకు బెల్లం ముక్కలు చేసి చూపించి చెబుతుంది. నాకు అర్థమైతే పంతులుగారికి వచ్చినట్టే."

భట్టు భుజం మీది కండువా తీసి ఆమెకు చేతులు జోడించాడు. తాను మూయించిన బళ్ళన్నిటి తాళాలూ తీయించమని అప్పటికప్పుడే మనుషుల్ని పంపాడు.