షరాబు పెట్టిన గాటు

అనగనగా, మన తాతల తాతలు ఇంకా పుట్టని కాలంలో, తూర్పు సముద్రం ఒడ్డున పగడాలరేవు అనే పట్నం ఉండేది. ఆ పట్నాన్ని జయధీరుడనే రాజు ఏలేవాడు. రాజులకు ఒక్కొక్కరికి ఒక్కో పిచ్చి ఉంటుంది. కొందరికి ఏనుగులు, కొందరికి కోటలు. జయధీరుడికి పాత నాణేల పిచ్చి. అందులోనూ ఎక్కడో పడమటి సముద్రాల చివర, మంచు కురిసే ఆంగ్లదీవిలో, పూర్వం సుత్తితో కొట్టి చేసిన వెండి పెన్నీలంటే ఆయనకు ప్రాణం.

ఆ పెన్నీలు ఎలా చేసేవారో తెలుసా? కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు, మధ్యలో పలచటి వెండి బిళ్ళ. పై అచ్చు మీద సుత్తితో గట్టిగా ఒక దెబ్బ. అంతే, బిళ్ళకు ఒక పక్క రాజుగారి ముఖం, రెండో పక్క సిలువ గుర్తు పడేవి. కొట్టేవాడి చెయ్యి కాస్త పక్కకు పోయిందా, రాజుగారి ముక్కు అంచు దాటి పోయేది! అందుకే ఏ రెండు పెన్నీలూ అచ్చంగా ఒకలాగే ఉండేవి కావు. ఆ వంకరలే వాటి అందం.

జయధీరుడు దంతపు పెట్టె ఒకటి చేయించి, అందులో ఆ దీవిని ఏలిన ఒక్కో రాజుకూ ఒక్కో గుంట తొలిపించాడు. ఓడలెక్కి వచ్చిన వర్తకుల దగ్గర కొని కొని గుంటలన్నీ నింపాడు. ఒక్క గుంట మాత్రం ఖాళీగా మిగిలిపోయింది. అది అందరికంటే పాతకాలపు రాజుది. మిగతా గుంటల్లోకి కూడా మెరుగైన పెన్నీ దొరికితే కొని మార్చుకుంటూనే ఉండేవాడు.

ఆ నాణేలకు వెల కట్టడానికి కొలువులో సోమలింగం అనే షరాబు ఉండేవాడు. షరాబు అంటే నాణెం మంచిదో చెడ్డదో తేల్చి చెప్పేవాడు. సోమలింగం దిట్టమైన పనిమంతుడు. నలభై ఏళ్ళుగా తనూ సొంతంగా పాత పెన్నీలు పోగుచేసుకుంటున్నాడు. అయితే అతనికి ఒక జబ్బు ఉంది. దేన్నీ నమ్మడు. పొద్దున్నే సూర్యుడు పొడిచినా, నిన్నటి సూర్యుడేనా అని ఒకసారి చూసేవాడని ఊళ్ళో నవ్వుకునేవారు.

అతని పరీక్షలు మూడు. మొదట నాణేన్ని రాతి మీద వేసి మోత వినేవాడు. తరువాత త్రాసులో గురిగింజలు వేసి తూచేవాడు. చివరికి చిన్న ఉలి తీసి, నాణెం అంచున గాటు పెట్టి, లోపల ఏముందో చూసేవాడు. బజారులో ఆ గాటుకు గొప్ప గౌరవం. షరాబు గాటు ఉన్న నాణేన్ని మారుమాట లేకుండా తీసుకునేవారు. కానీ బజారు నాణెం వేరు, పెట్టెలో దాచుకునే నాణెం వేరు. ఆ తేడా సోమలింగానికి తెలియక కాదు. చెయ్యి ఊరుకునేది కాదు, అంతే.

ఒకనాడు ఒక ఓడ సరంగు మిలమిల మెరిసే పెన్నీ తెచ్చాడు. మోత బాగానే ఉంది. తూకం బాగానే ఉంది. సోమలింగం గాటు పెట్టాడు. లోపల ఎర్రగా రాగి! సరంగు కాళ్ళకు బుద్ధి చెప్పాడు. రాజు మెచ్చుకుని తన వేలి ఉంగరం తీసి సోమలింగానికి తొడిగాడు. ఇక చూడండి, మనవాడి కాళ్ళు నేల మీద ఆనలేదు.

మరి కొన్నాళ్ళకు ముత్యాలు అమ్మే తాయారమ్మ ఒక పెన్నీ తెచ్చింది. మంచి ముత్యాల దండ ఇచ్చి దాన్ని ఒక పరదేశి దగ్గర తీసుకుందట. మోత బాగుంది. తూకం బాగుంది. అచ్చులో గీతలన్నీ సరిగ్గా ఉన్నాయి. అయినా సోమలింగం గాటు పెట్టాడు. లోపలంతా తెల్లటి వెండి.

"మంచిదే, మహారాజా!" అన్నాడు గర్వంగా.

రాజు ఆ నాణేన్ని చేతిలోకి తీసుకుని నిట్టూర్చాడు. "మంచిదే. ఇందాకటి వరకు నూరు వరహాలు చేసేది. ఇప్పుడు దీనికి వెండి ఖరీదే. గాటు పడ్డది నా పెట్టెలోకి రాదు సోమలింగం, ఇకమీదట గుర్తుంచుకో."

తాయారమ్మ ఏడవలేదు, తిట్టలేదు. "మంచిదని తేల్చారు, సంతోషం బాబూ. మంచిగా ఉన్నదాన్ని చెడగొట్టి మరీ తేల్చారు," అని ఆ నాణేన్ని కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది.

సోమలింగం ఆ పూట సుబ్బరంగా భోంచేశాడు. ఆమె మాట అప్పుడే మనసుకు ఎక్కి ఉంటే, పిల్లలూ, నేను మీకు ఈ కథ చెప్పే పనే ఉండేది కాదు.

ఆ ఖాళీ గుంట రాజును కుదురుగా ఉండనివ్వలేదు. ఊరంతా దండోరా వేయించాడు. అందరికంటే పాతకాలపు రాజు పెన్నీ, మచ్చ లేనిది, ఎవరు తెస్తే వారు కోరింది ఇస్తానన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం సోమలింగం ఇంటికి వీరాచారి వచ్చాడు. కోడలి చెయ్యి పట్టుకుని, గడప తడుముకుంటూ వచ్చాడు. వీరాచారి ఒకప్పుడు టంకశాలలో నాణేలకు అచ్చులు చెక్కేవాడు. అతనిలా చెక్కగల మనిషి ఆ దేశంలోనే లేడు. అయిదేళ్ళ కిందట కళ్ళకు పొరలు కమ్మాయి. ఇప్పుడు ఎదుటి మనిషి నీడ మాత్రమే తెలుస్తుంది. సోమలింగమూ అతనూ ఒకే వీధిలో పుట్టి, ఒకే బడిలో దెబ్బలు తిని, ఒకే టంకశాలలో పని నేర్చుకున్నవాళ్ళు.

"ఒరే సోమూ, చెయ్యి చాపు," అన్నాడు వీరాచారి. మైనం ముద్ద విప్పి, అందులోంచి ఒక చిన్న పెన్నీ తీసి అతని అరచేతిలో పెట్టాడు.

సోమలింగం దాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు. పెద్ద కళ్ళు, గీతల జుట్టు. చిన్నపిల్లవాడు బొగ్గుతో గోడ మీద గీసిన బొమ్మలాంటి ముఖం. ఆ ఖాళీ గుంటలో కూర్చోవలసిన రాజే!

"ఎక్కడిదిరా ఇది?"

"మా భద్రుడు తెచ్చాడు. వాడు ఓడ వడ్రంగిగా ఆ దీవికి పోయినప్పుడు ఒక ముసలి రైతుకు బండి బాగుచేసి పెట్టాడట. పొలం దున్నుతుంటే మట్టికుండలో దొరికిందని ఆ రైతు ఇచ్చాడట. అచ్చుల పనివాణ్ణి కదా అని నాకు తెచ్చిచ్చాడు. ఇన్నాళ్ళూ బొటనవేలితో తడుముకుని మురిసిపోయాను. ఇప్పుడు దీనితో వాణ్ణి విడిపించుకుంటానురా."

వీరాచారి కొడుకు భద్రాచారి అప్పటికి కోటలో ఖైదులో ఉన్నాడు. రాజుగారి కొత్త ఓడ నీళ్ళలో దింపిన రోజే చిల్లు పడింది. తప్పు చెక్కదో, మేకుదో ఎవరికీ తెలియదు. శిక్ష మాత్రం వడ్రంగికి పడింది, ఏడేళ్ళు. ఒకటే గడిచింది. మిగతా ఆరేళ్ళు తాను బతుకుతానన్న ఆశ వీరాచారికి లేదు.

"నువ్వు ఒకసారి చూసి, రేపు నీ చేత్తోనే రాజుగారికి ఇయ్యి. నేను ఇంటికి పోతా," అన్నాడు.

"ఇక్కడే ఉండి చూడరాదూ?"

"నీ దగ్గర పెట్టాక నేను చూడటమేమిటిరా!" అని నవ్వి, కోడలి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాడు.

సోమలింగం ఒక్కడే కూర్చున్నాడు. నాణేన్ని రాతి మీద వేశాడు. ఖంగుమని మోగింది. త్రాసులో వేశాడు. పన్నెండు గురిగింజల ఎత్తు, తక్కువ లేదు, ఎక్కువ లేదు. కిటికీ దగ్గర వెలుగులో పెట్టి చూశాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. మరీ సరిగ్గా ఉన్నాయి. నిన్న కొట్టినట్టు నిగనిగలాడుతోంది.

అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరికే అన్నారా? ఆ భూతం వచ్చి అతని పక్కన పీట వేసుకుని కూర్చుంది. 'ఈ దేశంలో ఇలాంటి అచ్చు చెక్కగలవాడు ఒక్కడే, వాడు వీరాచారి. వాడి కొడుకు ఖైదులో ఉన్నాడు. కొడుకు కోసం తండ్రి ఏమైనా చేస్తాడు. రేపు ఇది దొంగదని తేలితే పోయేది నీ పరువు!' అంది.

ఆవగింజంత అక్షరాలు చెక్కాలంటే కళ్ళుండాలి. వీరాచారికి ఎదురుగా ఉన్న గడపే కనిపించదు. ఇందాక ఆ గడప తడుముకుంటూ వచ్చిన మనిషిని సోమలింగం తన కళ్ళతోనే చూశాడు. అయినా ఆ క్షణాన అది గుర్తు రాలేదు. ఉలి చేతికి వచ్చింది. చిన్న దెబ్బ. అంచున గాటు పడింది.

లోపల పాలలా తెల్లటి వెండి మెరిసింది.

ఉలి కింద పడింది. సోమలింగం ఆ గాటును వేలితో మూసి చూశాడు, తీసి చూశాడు. గాటు పోతుందా? చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? తల బాదుకున్నాడు. తాయారమ్మ అన్న మాట ఇప్పుడు చెవుల్లో గంట కొట్టినట్టు వినిపించింది. ఎంత పని చేశాను, ఎంత పని చేశాను అని ఆ గదిలోనే తిరిగాడు.

సాయంత్రానికి కాళ్ళీడ్చుకుంటూ వీరాచారి ఇంటికి వెళ్ళాడు. నాణేన్ని అతని చేతిలో పెట్టాడు. వీరాచారి అలవాటుగా బొటనవేలితో తడిమాడు. రాజు కళ్ళు, జుట్టు, చెంప. అంచు దగ్గర వేలు ఆగిపోయింది.

ఆ గాటు మీద వేలు రెండుసార్లు అటూ ఇటూ నడిచింది.

"నేను చెక్కాననుకున్నావు," అన్నాడు వీరాచారి చివరికి.

సోమలింగం తల దించుకున్నాడు.

"నన్ను అడిగితే చెప్పేవాణ్ణి కదరా. ఒక్క మాట అడగాల్సింది."

ఆ గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే సోమలింగానికి కాస్త సుఖంగా ఉండేది.

మర్నాడు అతను తన నలభై ఏళ్ళ నాణేల పెట్టె నెత్తిన పెట్టుకుని కొలువుకు పోయాడు. గాటు పడ్డ పెన్నీని రాజు ముందుంచాడు. రాజు దాన్ని చూసి సింహాసనం మీంచి లేచాడు. గాటు చూసి మళ్ళీ కూలబడ్డాడు.

"ఎవడు చేశాడు ఈ పని?"

"నేనే ప్రభూ. నా చేతికి వచ్చేదాకా ఇది మచ్చ లేనిదే. ఖైదులో ఉన్న ఓడ వడ్రంగి తండ్రి వీరాచారి, కొడుకును విడిపించుకోవాలని మచ్చ లేకుండానే తెచ్చాడు. చెడగొట్టింది నా అనుమానం. ఇదిగో, నేను జన్మంతా కూడబెట్టిన పెన్నీలు. నా కొలువూ, ఈ పెట్టే మీరు తీసుకోండి. ఆ తండ్రికి మాత్రం కొడుకును ఇవ్వండి."

"ఆ వీరాచారి నీకు చుట్టమా?"

"నిన్నటిదాకా స్నేహితుడు, ప్రభూ."

రాజు గాటు పడ్డ పెన్నీని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "తప్పు దాచుకోవడానికి నీకు నూరు దారులున్నాయి. ఒక్క దారీ పట్టలేదు. పెట్టె ఇక్కడ వదిలెయ్యి. కొలువు కూడా వదిలెయ్యి. ఖైదీని విడిచిపెడుతున్నాను," అని పత్రం రాయించి, లక్కముద్ర వేయించి సోమలింగం చేతికిచ్చాడు.

సోమలింగం పరుగెత్తాడు. ఆ వయసులో, ఆ ఎండలో, చెప్పులు కూడా మరిచిపోయి పరుగెత్తాడు. వీరాచారి వీధి అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఒరే వీరా! భద్రుణ్ణి వదిలేశార్రా! రేపు పొద్దున్నకల్లా ఇంటికొస్తాడు!"

లోపల కోడలు ఒక్క కేక వేసి గుమ్మంలోకి వచ్చింది. వీరాచారి ముఖం మొదట వెలిగింది. తరువాత ఆ వెలుగు మెల్లగా సర్దుకుంది.

"రాజుగారు పత్రం ఏమైనా ఇచ్చారా?"

సోమలింగం పత్రం అందించాడు. చిన్నప్పటి నుంచి అతను చెప్పిన ఏ మాటనూ వీరాచారి రెండోసారి అడిగి ఎరగడు. అలాంటివాడు ఇప్పుడు పత్రాన్ని మడతలు విప్పి, లక్కముద్ర ఎక్కడుందో వెతికి పట్టుకుని, దాని చుట్టూ బొటనవేలు తిప్పాడు. ముద్రలోని సింహాన్ని తోక నుంచి జూలు దాకా తడిమాడు. లక్క అంచును గోటితో కొంచెం గీరి, వాసన చూశాడు.

"ఊఁ. నిజమైనదే," అన్నాడు. పత్రం మడిచి జాగ్రత్తగా రొంటిని దోపుకున్నాడు. అరుగు మీద కొంచెం పక్కకు జరిగాడు. "చాలా మేలు చేశారు. ఎండన పడి వచ్చారు, కూర్చోండి షరాబుగారూ. అమ్మాయి మజ్జిగ తెస్తుంది."

సోమలింగం కూర్చున్నాడు. మజ్జిగ వచ్చింది. చెంబు చేతిలోనే ఉండిపోయింది.

అందుకే పెద్దలు చెబుతారు: నమ్మదగిన మనిషిని అనుమానంతో పరీక్షించేవాడికి నిజం దక్కుతుంది కానీ, ఆ మనిషి దక్కడు.